విండోలో గాలి సరే, చివర ఆ ‘ఓ’ ఎక్కడిది?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: “విండో అనే మాటలో విండ్ కనిపిస్తోంది. గాలి వస్తుంది కాబట్టి అలా అన్నారా? మరి చివర ‘ఓ’ ఏమిటి?” కామెంట్‌లో రాద్దామని మొదలుపెడితే పెద్దదైపోయింది, అందుకే విడిగా పెడుతున్నాను.

గాలి అన్న ఊహ నిజమే. ఆ ‘ఓ’ మాత్రం కన్ను. ఉత్తర ఐరోపా నుంచి ఓడల మీద వచ్చిన వైకింగులు మాట్లాడిన పాత నార్స్ భాషలో ‘విండ్ర్’ అంటే గాలి, ‘ఔగ’ అంటే కన్ను. రెండూ కలిస్తే ‘విండౌగ’, గాలికన్ను. ఇంగ్లీషువాళ్ళ నోట నలిగి నలిగి ఆ ‘ఔగ’ ఒట్టి ‘ఓ’గా మిగిలింది. నార్వేలో ఇప్పటికీ కిటికీని ‘విండు’ అంటారు.

మామూలు ఇళ్ళకు గాజు అద్దాలు లేని కాలం అది. గోడలోనో కప్పులోనో ఒక కంత పెట్టేవారు. పొయ్యి పొగ బయటికి పోవాలి, కాస్త వెలుతురు లోపలికి రావాలి, అంతే. ఇది చదివినప్పుడు నాకు అనంతపురం వైపు మా అమ్మమ్మ వాళ్ళ మట్టిమిద్దె కళ్ళ ముందుకొచ్చింది. వంటింటి కప్పులో మూరెడు కంత ఉండేది, దాన్ని గవాచి అనేవాళ్ళు. మధ్యాహ్నం అందులోంచి ఎండ నిలువుగా దిగి, పేడతో అలికిన నేల మీద గుండ్రంగా పడేది. పొయ్యి పొగ ఆ వెలుగులో సుళ్ళు తిరుగుతూ పైకి పోయేది. వాన మొదలైతే ఎవరో ఒకరు మిద్దెక్కి దాని మీద బండ మూసి రావాలి.

వైకింగులు అనగానే దోపిడీలు గుర్తొస్తాయి. కానీ దోచుకుని ఓడెక్కి పోయినవాళ్ళ దగ్గర ఎవరైనా కిటికీకి పేరు నేర్చుకుంటారా? 866లో ఇంగ్లండ్‌లోని యార్క్ పట్నాన్ని పట్టుకున్నవాళ్ళు, 876 నాటికి అక్కడి భూములు పంచుకుని దున్నుకోవడం మొదలుపెట్టారు. ఇంగ్లీషువాళ్ళ పక్కింట్లోనే కాపురాలు. ఎగ్, నైఫ్, స్కిన్, హస్బెండ్ లాంటి ఇంటిమాటలన్నీ ఆ ఇరుగుపొరుగు వాళ్ళిచ్చినవే.

అంతకుముందు ఇంగ్లీషుకు సొంత మాట లేదా అంటే, ఉంది: ‘ఎయగ్‌థ్యురెల్’, అంటే కంటికంత. ‘ఎయగ్’ కన్ను, ‘థ్యురెల్’ కంత. విండో వచ్చాక ఆ మాట పోయింది. నాకు అన్నిటికంటే నచ్చేది ఇక్కడే: పోయిన మాటలో సగం మన ముఖం మీదే బతికుంది. నాస్ట్రిల్ అంటే నోస్ థ్యురెల్, ముక్కుకంత! థ్రిల్ కూడా ఆ కుటుంబమే. మొదట్లో దానికి అర్థం తూటు పొడవడం, గుచ్చుకుపోవడం. తర్వాత మనసులోకి గుచ్చుకునేదానికి ఆ మాట వాడారు.

లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘ఫెనెస్టర్’ కూడా కొన్ని శతాబ్దాలు విండోతో పోటీపడి ఓడిపోయింది. 1618లో ప్రాగ్ కోట కిటికీలోంచి ముగ్గురిని కిందికి తోసేసిన ఘటనకు వాడే డిఫెనెస్ట్రేషన్‌లో ఉన్నది ఆ లాటిన్ మాటే.

ఇక మన వైపు చూడండి. గవాక్షం అంటే గో, అక్షి: ఆవు కన్ను. వాతాయనం అంటే గాలి వచ్చే దారి. నార్స్‌వాళ్ళు ఒకే మాటలో కట్టిన గాలీ కన్నూ సంస్కృతంలో రెండు మాటల్లో ఉన్నాయి. రష్యన్‌లో కన్నుకు పాత మాట ‘ఓకో’, కిటికీ ‘ఓక్నో’. ఇంగ్లీషుకు చుట్టమైన పాత భాష గోతిక్‌లో, నాలుగో శతాబ్దపు బైబిల్లో కిటికీ ‘ఔగదౌరో’, అంటే కంటితలుపు.

*

ఇది పెట్టాక కింద కామెంట్‌లో ఒకరు “అయితే గవాక్షం నుంచే విండౌగ పుట్టిందన్నమాట” అని రాశారు. కాదండీ. వాతం, విండ్ ఒకే ధాతువు నుంచి వచ్చిన చుట్టాలు, ఆ మాట నిజం. కానీ గోడలో కంతను చూసి ‘కన్ను’ అనుకోవడం ఎవరికి వారికి తోచిందే. దానికి అరువు అక్కర్లేదు. అచ్చ తెలుగులోనూ ఉంది కదా! చేపల వలలో ఒక్కో గడిని వలకన్ను అంటాం. దొంగ గోడకు వేసే కన్నం కూడా కన్నుకు చుట్టమే.

ఇంకొకరు మా అమ్మమ్మ అన్న గవాచి గవాక్షమేనా అని అడిగారు. అవును, అదే. కన్నడ పల్లెల్లో మిద్దె మీది కంతను ఇప్పటికీ గవాక్షి అంటారు. మా ఊళ్ళో అది గవాచి అయింది. అక్కడ ‘ఔగ’ అరిగి ‘ఓ’ అయితే, ఇక్కడ ‘అక్షి’ అరిగి ‘అచి’ అయింది.