సాస్సరి బ్రిగేడ్: ఒకే ద్వీపం వారితో కట్టిన పదాతి దళం

పాతపటం: ఇటలీ ఏకీకరణ తర్వాత అక్కడి సైన్యంలో ఒక్కో రెజిమెంటులో వేర్వేరు ప్రాంతాల వారిని కలిపి చేర్చడమే ఆనవాయితీగా ఉండేది. దానికి భిన్నంగా, 1915 మార్చి 1న సార్డీనియా ద్వీపంలోని సిన్నాయిలో 151వ, టెంపియో పౌసానియాలో 152వ పదాతి రెజిమెంట్లను నెలకొల్పి సాస్సరి బ్రిగేడ్‌ను రూపొందించారు. జవాన్లలో అత్యధికులు ఆ ద్వీపపు గొర్రెల కాపరులు, రైతులే. ఇలా ఒకేచోటి వారిని చేర్చడం ఆ దళానికి మేలు చేసిందా, కీడు చేసిందా? చదివినవారు, చూసినవారు చెప్పగలరు.

కందకం: పోరాటం వరకు మేలే చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 నవంబరులో, కార్సో పీఠభూమిపై ఫ్రాస్కె, రాజ్జి కందకాలను పట్టుకున్నప్పుడు, సైనిక ప్రకటనలో ఈ బ్రిగేడ్‌ను పేరుపెట్టి ప్రశంసించారు. 1917లో ఇటలీ సైన్యం ఘోరంగా ఓడిన కపోరెట్టో పరాజయం తర్వాత, 1918 జనవరి చివర్లో, కోల్ దెల్ రోస్సో శిఖరం వద్ద సాధించిన విజయంలోనూ దీనిది ముఖ్యపాత్ర. చీకట్లో ఎదురైన మనిషిని గుర్తించడానికి “ఇటలీవాడివైతే సార్డీనియా భాషలో మాట్లాడు” అనేవారని చెప్పుకుంటారు. ఈ మాటలోని వ్యంగ్యం నాకెంతో నచ్చింది.

పాఠకుడు: ఈ బ్రిగేడ్‌లో అధికారిగా పనిచేసిన ఎమీలియో లుస్సు అసియాగో పీఠభూమిపై గడిపిన ఏడాది గురించి రాసిన పుస్తకం 1938లో వెలువడింది. నేను ఆంగ్లానువాదంలో చదివాను. అందులో శత్రువు తుపాకీకన్నా సొంత జనరల్ ఆజ్ఞలే జవాన్లను ఎక్కువగా బలిగొన్నాయన్న అభిప్రాయం కలుగుతుంది. కందకాల్లో పుట్టిన ఆ ఐక్యతే 1921లో, లుస్సు, ఇతర మాజీ సైనికులు కలిసి స్థాపించిన సార్డీనియా కార్యాచరణ పార్టీకి పునాది అయింది. కనుక మేలా, కీడా అన్న ప్రశ్నకు సమాధానం యుద్ధభూమితో ముగియదు.

ట్యూరిన్ బస: నేను రెండేళ్లు చదువుకున్న ట్యూరిన్‌కు 1919లో, కార్మికులను అదుపు చేయడానికి ఈ బ్రిగేడ్‌నే పంపారు. తానూ సార్డీనియావాడే అయిన మార్క్సిస్టు మేధావి గ్రాంషీ రాసినదాని ప్రకారం, సాస్సరికి చెందిన ఒక తోళ్ల కార్మికుడు సమ్మె చేస్తున్నవారు పేదలని ఒక జవానుకు చెప్పబోతే, కాలరు, టై ధరించి రోజుకు 30 లీరాలు సంపాదించేవారు పేదలెలా అవుతారని, తమ ఊళ్లో రైతుకు దక్కేది లీరాన్నరేనని అతడు ఎదురు చెప్పాడట. అయినా కార్మికులతో మాటలు కలుస్తూ వచ్చాయి. జులై సమ్మెకు ముందే బ్రిగేడ్‌ను అక్కడినుంచి తరలించారు.

పాతపటం: చాలా ఉపయోగపడింది. అయితే 1941 నుంచి 1943 వరకు యుగోస్లావియా ఆక్రమణలో ఇదే పేరుగల డివిజన్ పాల్గొన్న సంగతిని కీర్తిగాథలు తేలిగ్గా దాటేస్తాయి. ఆ అధ్యాయం గురించి ఎవరైనా రాయగలరా?

కందకం: ఆ డివిజన్‌ను 1943లో రోమ్ రక్షణకు తెచ్చారు, సెప్టెంబరులో ఇటలీ మిత్రరాజ్యాలతో చేసుకున్న యుద్ధవిరమణ తర్వాత దాని జవాన్లు జర్మన్లను ఎదిరించారు. యుగోస్లావియా సంగతి చదివి విడిగా రాస్తాను. బ్రిగేడ్‌ను 1988లో పునరుద్ధరించారు. ఎరుపు తెలుపు కాలరు గుర్తులు నేటికీ అవే. “దిమోనియోస్” అనే గీతాన్ని ఇటలీ గణతంత్ర దినమైన జూన్ 2 పరేడ్‌లో వారు సార్డీనియా భాషలోనే పాడుతూ సాగిపోతారు.