"తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" ఇది మెచ్చుకోలా, ఎత్తిపొడుపా?

బరంపురం బట్టలకొట్టు:
మొన్న విశాఖలో ఆటో ఎక్కాను. మాది బరంపురం అనగానే డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఒరిస్సా వాళ్ళా? అయినా తెలుగు బాగానే మాట్లాడుతున్నారే!" అన్నాడు. పెళ్ళిళ్ళలో, రైళ్ళలో ఈ మాట విని విని విసుగొచ్చింది. తాతల నాటి నుంచీ మా ఇంట్లో తెలుగే. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనేగా ఉన్నాం! సరిహద్దు గీత జరిగింది గానీ మేం జరగలేదు. ముఖ్యంగా ఆ "అయినా" వింటే ఒళ్ళు మండుతుంది. మీకు?

ఇచ్ఛాపురం అల్లుడు:
పాపం, తెలియక అన్నాడు. దానికింత రాద్ధాంతమా? నాకైతే మీ బరంపురం వాళ్ళ "హౌ" చిరాకు. సంబంధం ఖాయం చేసుకుందామా అని మా నాన్న ఫోన్లో అడిగితే మా మావగారు "హౌ" అని పెట్టేశారు. ఒప్పుకున్నట్టో, విన్నట్టో తెలియక ఇంటిల్లిపాదీ రెండు రోజులు టెన్షన్.

బరంపురం బట్టలకొట్టు:
ఒరియాలో సరే అని అర్థం బావా. ఒక్క అక్షరంతో పనైపోతుంది. మీ "ఓకే ఓకే ఓకే" కన్నా నయమే.

పర్లాకిమిడి టీచరమ్మ:
నాకు చిరాకు తెప్పించేది "అలా అనకూడదు" అనే మాట. సెలవులకి హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు వచ్చింది. మా చిన్నాడు "ఏటత్తా?" అంటే పకపకా నవ్వి, "ఏంటి అనాలి నాన్నా" అని దిద్దింది. తనేమో మాటకి ముందు "బేసిక్‌గా", వెనక "యాక్చువల్లీ". కాఫీ తాగేలోపు పదకొండు లెక్కపెట్టాను! గిడుగు రామమూర్తి గారు వాడుకభాష కోసం పట్టుబట్టింది మా ఊళ్ళో పాఠాలు చెప్పుకున్న మనిషిగానే. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న భాషా దినోత్సవం చేస్తారు కదా, ఆ మైకు ముందు ఎవరైనా "ఏటి" అంటే నవ్వకుండా ఉంటారా?

రాయగడ ప్యాసింజర్:
ఇక్కడ ఒరిస్సాలో మమ్మల్ని "తెలెంగా" అంటారు, అంటే తెలుగోళ్ళని; ఆంధ్రాకొస్తే "ఒరిస్సావాళ్ళు" అంటారు. కూరగాయల ముసలామె "తెలెంగా బాబు" అని పిలిస్తే ముద్దుగానే ఉంటుంది. అదే మాట ఆఫీసులో నా వెనకాల వినబడితే నిద్రపట్టదు. మాటలో ఏం లేదని ఎలా అనను, అంతా మాటలోనే ఉందని ఎలా అనను?

ఇచ్ఛాపురం అల్లుడు:
అవన్నీ సరే, ఆటో అతనికి ఏం చెప్పారు బావా?

బరంపురం బట్టలకొట్టు:
"మీరూ బాగానే మాట్లాడుతున్నారు" అన్నాను. దిగేటప్పుడు ఇరవై ఎక్కువ తీసుకున్నాడు.

ఇచ్ఛాపురం అల్లుడు:
హౌ.