తబస్ ఎడారిలో తప్పింది లెక్కా, దారా?

చర్చ మొదలుపెట్టినవారు:
టెహరాన్‌లో బందీలుగా ఉన్న తమవారిని విడిపించడానికి 1980 ఏప్రిల్ 24 రాత్రి అమెరికా మొదలుపెట్టిన 'ఈగిల్ క్లా' చర్య ఇరాన్‌లోని తబస్ దగ్గరి ఎడారి దాటి ముందుకు సాగలేదు. నిమిట్జ్ విమానవాహక నౌక నుంచి లేచిన 8 సీ స్టాలియన్ హెలికాప్టర్లలో 6 మాత్రమే 'డెజర్ట్ వన్' అని పేరు పెట్టుకున్న మజిలీకి చేరాయి, వాటిలోనూ ఒకదాని హైడ్రాలిక్ వ్యవస్థ చెడిపోయింది. కనీసం 6 ఉంటేనే ముందుకు వెళ్లాలన్నది ముందే పెట్టుకున్న నియమం కనుక ప్రయత్నం విరమించుకున్నారు. తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఒక హెలికాప్టరు, ఇంధనం తెచ్చిన సీ-130 విమానాన్ని ఢీకొనడంతో 8 మంది మరణించారు. అడ్మిరల్ హాలోవే అధ్యక్షతన జరిగిన సమీక్ష కనీసం 10 హెలికాప్టర్లు అవసరమని తేల్చింది. సంఖ్య పెంచి ఉంటే ఫలితం మారేదా?

మొదటి సమాధానం:
మారేదనే నా అభిప్రాయం. ఒక హెలికాప్టరును పైన తిరిగే రోటరు రెక్కలో పగులు ఉండవచ్చన్న హెచ్చరిక వెలగడంతో దారిలోనే వదిలేశారు. మరొకటి ధూళి మేఘంలో దిక్కు చూపే పరికరాలు మొరాయించడంతో నౌకకు తిరిగివెళ్లింది, మూడవది మజిలీ చేరాక పనికిరాకుండా పోయింది. ఎనిమిదింటిలో మూడు పోతాయని ఎవరూ ఊహించకపోవచ్చు గానీ, సుమారు 600 మైళ్లు చీకటిలో, తక్కువ ఎత్తులో, రేడియో మౌనం పాటిస్తూ ఎగరవలసిన యంత్రాలకు రెండే అదనంగా ఉంచడం సాహసమే తప్ప లెక్క కాదు. పైగా ఆ ప్రాంతంలో గాలిలో ధూళి తేలుతూ ఉండవచ్చన్న సమాచారం వాతావరణ నిపుణుల దగ్గర ఉన్నా, గోప్యత పేరుతో పైలట్లను వారితో నేరుగా మాట్లాడనివ్వలేదు. వెనుదిరిగిన పైలట్‌కు మజిలీ దగ్గర ఆకాశం తేటగా ఉందన్న ఒక్క మాట చేరి ఉంటే ఆరవ హెలికాప్టరు దక్కేది.

రెండవ సమాధానం:
మీ చివరి వాక్యంతో ఏకీభవిస్తాను, మొదటి వాక్యంతో కాదు. హెలికాప్టర్ల ఇంజన్ల మరమ్మతులో చాలా ఏళ్లు గడిపినవాడిగా చెబుతున్నాను, ఎడారిలో మీరు ఒకే పేరుతో పిలుస్తున్న ధూళి నిజానికి రెండు రకాలు. ఒకటి గాలిలో వేలాడేది. దాన్ని ముందే తెలుసుకోవచ్చు, ఓపిక ఉంటే ఆగవచ్చు. రెండవది హెలికాప్టరు తన రోటరు గాలితో తానే నేల నుంచి లేపుకునేది, దీనికి వాతావరణ సూచన ఉండదు. నేలకు దగ్గరయ్యేకొద్దీ ఆ తెర దట్టమవుతుంది, అంటే పైలట్‌కు చూపు అత్యవసరమైన చివరి క్షణాలలోనే చూపు పోతుంది. యంత్రం పక్కకు జారుతున్నదో, కదులుతున్నది ధూళేనో కంటికి తేడా తెలియదు.

డెజర్ట్ వన్ దగ్గర జరిగింది అదే. ఇంధనం కోసం చోటు మారుతున్న హెలికాప్టరు లేపిన ధూళిలో నేల కనబడక, సంజ్ఞలు చేస్తున్న మనిషినే పైలట్ ఆనవాలుగా పెట్టుకున్నాడని, ఆ మనిషి రోటరు గాలి ధాటికి వెనక్కి జరిగితే యంత్రమే కదిలిందనుకుని సరిదిద్దబోయి విమానాన్ని ఢీకొన్నాడని ప్రచారంలో ఉన్న వివరణ. అక్కడికి 10 హెలికాప్టర్లు వచ్చి ఉంటే ఇంధనం నింపుకోవడానికి వరుసలు, కదలికలు, ధూళి అన్నీ పెరిగేవే కదా!

యంత్రం లోపలి సంగతి కూడా చెప్పాలి. వేడి గాలి పలచన కనుక రోటరుకు పట్టు, ఇంజనుకు బలం రెండూ తగ్గుతాయి. ఇసుక, ఇంజనులో గాలిని నొక్కే కంప్రెసర్ రెక్కల అంచులను అరగదీస్తుంది, మరీ వేడి టర్బైన్లలో సన్నని ధూళి కరిగి గాజుపూతలా అంటుకుంటుంది. మన ఎంఐ-17 హెలికాప్టర్ల ఇంజన్ల ముందు గుండ్రని బుడిపెల్లా కనిపించేవి ధూళిని వేరుచేసే పరికరాలే. గాలి ఆ వంపు వెంట తిరుగుతుంది, బరువైన రేణువులు తిరగలేక పక్కకు తోసివేయబడతాయి. అయితే ఆ ఏర్పాటు కూడా కొంత శక్తిని తీసుకుంటుంది, అదీ వేడి ఇప్పటికే శక్తిని తగ్గించిన చోట.

మొదటి సమాధానం రాసినవారు:
రెండు ధూళుల తేడా నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక అభ్యంతరం ఉంది. ఢీకొనడం విరమణ తరువాతి సంఘటన, విరమణకు కారణం మాత్రం సంఖ్యే.

రెండవ సమాధానం రాసినవారు:
విరమించకపోయినా ఇంధనం కోసం అదే ఇసుకలో చోట్లు మారక తప్పేది కాదు గదా అండీ. నన్ను అడిగితే, హెలికాప్టర్ల సంఖ్యకన్నా ముందు చూడవలసింది వాటిని నడిపినవారి సంగతి. అవి నావికాదళం సముద్రంలో మందుపాతరలు ఏరడానికి వాడే రకం. నడిపినవారిలో ఎక్కువమంది మెరైన్ పైలట్లు. అదే కుటుంబానికి చెందిన యంత్రాలను ప్రత్యేక చర్యలలో నడిపిన అనుభవం వైమానిక దళంలో ఉన్నవారికి ఉండేది. మరుసటి సంవత్సరం అమెరికా సైన్యం రాత్రి ప్రయాణాలకు ప్రత్యేక హెలికాప్టర్ దళాన్ని, ఇప్పుడు 160వ రెజిమెంటుగా పిలిచేదాన్ని, లాంఛనంగా ఏర్పాటు చేసిందంటే లోపం ఎక్కడుందో వారికే అర్థమైందన్నమాట.

చర్చ మొదలుపెట్టినవారు:
అలాగైతే నా ప్రశ్నను మార్చుకోవాలి. అన్నీ ఒకే చోట, ఒకే రాత్రి ఇసుకలో దిగి ఇంధనం నింపుకునే పథకాన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఇవి గాలిలోనే ఇంధనం నింపుకుని ఉంటే, లేదా గట్టి నేల దొరికి ఉంటే మీరిద్దరూ ఏమనేవారు?

రెండవ సమాధానం రాసినవారు:
గట్టి నేల అంటే రోడ్డు. డెజర్ట్ వన్ పక్కనే రోడ్డు ఉంది. ఆ రాత్రి దానిమీద ఒక బస్సు, ఒక ఇంధన ట్యాంకరు వచ్చి అసలు రహస్యాన్నే చెడగొట్టాయి.