అప్‌డేట్: రెండు షుగర్ రిపోర్టుల్లో ఏది నమ్మాలని అడిగింది నేనే

హెచ్‌ఐవీకి పదకొండేళ్లుగా మందులు వాడుతున్నాను, పరగడుపు షుగర్ 131 వచ్చింది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) చూస్తే 5.9 మాత్రమే, అంటే షుగర్ హద్దుకు లోపే, ఏది నిజమని పోయిన నెల అడిగాను. మళ్లీ పరగడుపున చేయిస్తే 134. 126 లేదా అంతకు పైన రెండుసార్లు వస్తే షుగర్ ఉన్నట్టే కాబట్టి ఇక సందేహం లేదు.

మరి ఆ 5.9 సంగతేంటి? హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ అసలు కంటే తక్కువ చూపించవచ్చట, ముఖ్యంగా నాలా అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవాళ్లలో. అందుకే మాకు పరగడుపు పరీక్షే ముఖ్యమన్నారు డాక్టరు గారు. మొదట్లో కొన్నేళ్లు వాడిన జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందు కూడా ఇన్సులిన్ సరిగా పనిచేయకుండా చేస్తుందని ఇప్పుడే తెలిసింది.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. మొదట వేరే డాక్టరు దగ్గరికి వెళ్లి, మొహమాటపడి హెచ్‌ఐవీ మందుల మాట దాచాను. ఆయన షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 1000 ఎంజీ రెండు పూటలా రాశారు. ఆ చీటీ చూడగానే మా హెచ్‌ఐవీ డాక్టరు పెన్ను తీసి 1000 కొట్టేసి 500 అని రాశారు. నేను వేసుకునే హెచ్‌ఐవీ మందు డోలుటెగ్రావిర్, మెట్‌ఫార్మిన్‌ను కిడ్నీల ద్వారా సరిగా బయటికి పోనివ్వకుండా రక్తంలో దాని మోతాదు పెంచుతుంది. రెండూ కలిపి వాడేటప్పుడు సాధారణంగా రోజుకు 1000 ఎంజీ దాటనివ్వరు.

డోలుటెగ్రావిర్ మానేయనా అని కూడా అడిగాను కదా, మానలేదు. సొంతంగా మానితే వైరస్ మళ్లీ లేస్తుందని గట్టిగానే చెప్పారు. మెట్‌ఫార్మిన్‌తో కడుపులో కాస్త తిప్పుతోంది కానీ టెన్షన్ తగ్గింది. మూడు నెలలకు మళ్లీ పరీక్ష.