ఫిట్స్ ఉన్నాయని కంపెనీలో చెప్పాలా?

ప్రశ్న (జడ్చర్ల నుంచి):
అందరికీ నమస్తే. నాకు 24 ఏళ్లు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేశాను. పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో ప్రొడక్షన్‌కి సెలెక్ట్ అయ్యాను. ఇంటర్ నుంచి నాకు ఫిట్స్ ఉన్నాయి. రెండు పూటలా గోలీలు వేసుకుంటాను. రెండేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. జాయినింగ్ ఫారంలో 'దీర్ఘకాలిక జబ్బులు ఏమైనా ఉన్నాయా' అని అడిగారు. అమ్మేమో 'లేవని రాయి బిడ్డా, వచ్చిన నౌకరి పోతది' అంటోంది. మూడు షిఫ్టులు ఉంటాయట. నాకు నైట్ షిఫ్ట్ అంటేనే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి, ఫ్యాక్టరీ సేఫ్టీ విభాగంలో పని):
తమ్మీ, మీ అమ్మ భయం ఊరికే వచ్చింది కాదు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డుగా చెప్పిన జబ్బుల్లో మూర్ఛ 1999 దాకా ఉండేది. దాన్ని తీసేసి పాతికేళ్లు దాటింది, ఇళ్లలో దాచే అలవాటు మాత్రం పోలేదు.

అయినా 'లేవు' అని రాసి సంతకం పెట్టొద్దు. ప్రొడక్షన్ అంటే తిరిగే మిషన్లు, వేడి, సాల్వెంట్లు. నిద్ర చెడినా, గోలీ తప్పినా ఫిట్స్ తిరగబెట్టే ప్రమాదం ఉంది. నైట్ షిఫ్ట్‌లో మిషన్ పక్కన వస్తే ప్రాణం మీదికొస్తుంది. ఆ తర్వాత ఎప్పుడైనా సంగతి బయటపడితే, అబద్ధం రాశావన్న ఆ కాగితమే నిన్ను తీసేయడానికి పనికొస్తుంది.

అలాగని ఊరంతా చెప్పుకోనక్కర్లేదు. ఇంటర్వ్యూలో నువ్వు చెప్పకపోయి ఉంటే, అది తప్పేం కాదు. ఇప్పుడు ఫారంలో 'ఉంది, మందులతో అదుపులో ఉంది, డాక్టర్ లెటర్ జత చేశాను' అని రాయి. మిగతా వివరాలు మెడికల్ టెస్ట్ రోజు కంపెనీ డాక్టర్‌తో మాట్లాడు. సూపర్‌వైజర్‌కు జబ్బు చరిత్రంతా అక్కర్లేదు.

అసలు బలం ఆ లెటర్‌లో ఉంటుంది. 'పనికి అర్హుడు' అని ఒక్క ముక్క రాయించుకుని రావద్దు. చివరిసారి ఎప్పుడు వచ్చింది, ఏ మందు, ఎంత డోసు, ఏ పని చేయొచ్చు, ఏది వద్దు, అన్నీ మీ న్యూరాలజిస్ట్‌తో విడివిడిగా రాయించు. రాత్రి డ్యూటీ, ఎత్తు మీద పని, ఒంటరిగా మిషన్ దగ్గర ఉండటం గురించి ప్రత్యేకంగా అడుగు. నీ చదువుకు క్యూసీ ల్యాబ్ (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) సరిపోతుంది, జనరల్ షిఫ్ట్‌లో అక్కడ వేయమని నువ్వే అడుగు. చెప్పాక ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీలూ ఉన్నాయి, ఆ మాట నీ దగ్గర దాచను. నేనైతే ఆ రిస్కే తీసుకోమంటాను.

జవాబు (నల్గొండ నుంచి):
అన్నా, మీరు చెప్పింది కంపెనీ రోల్స్ మీద ఉన్నవాళ్లకు. నేను చౌటుప్పల్ వైపు కాంట్రాక్టర్ కింద ప్యాకింగ్‌లో చేసేదాన్ని. నాకు కీళ్లవాతం. పొద్దున వేళ్లు బిగుసుకుపోతాయి, ఒక గంట వేరే పని ఇవ్వమని సూపర్‌వైజర్‌కు చెప్పుకున్నా. తెల్లారి గేటు దగ్గరే ఆపేశారు. కాగితం లేదు, కారణం లేదు. తమ్ముడు ముందు ఆ ఆఫర్ లెటర్ కంపెనీ పేరు మీద ఉందా, కాంట్రాక్టర్ పేరు మీద ఉందా చూసుకోవాలె.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
నిజం అక్కా, మీకు జరిగింది అన్యాయం. చట్టం తోడు కూడా అనుకున్నంత లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, ఫిట్స్ పేరు అందులో విడిగా లేదు. అందుకే నోటిమాట వద్దు, ఫారం మీదో మెయిల్‌లోనో ఉండాలి అంటున్నా. ప్రతి కాగితం కాపీ దాచుకోవాలి.

ఇంకొకటి. జీతం నెలకు 21,000 లోపు ఉండి కంపెనీ ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కిందికి వస్తే, కాంట్రాక్ట్ వాళ్లకు కూడా కార్డు రావాలి. పాత జబ్బు అని ఈఎస్‌ఐలో వైద్యం ఆపరు. కాబట్టి వైద్యం పోతుందేమోనని దాచాల్సిన పని లేదు.

ప్రశ్న అడిగిన సభ్యుడు:
ఆఫర్ కంపెనీ పేరు మీదే ఉంది అన్నా. అక్కడే పనిచేసే దోస్తు ఒకడున్నాడు, వాడికి చెప్పాలా? ఇంటి నుంచి బైక్ మీద పోదామనుకుంటున్నా.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి):
దోస్తుకు తప్పకుండా చెప్పు, ఏం చేయాలో కూడా నేర్పు. ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టాలి, టైం చూసుకోవాలి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా కుక్కొద్దు, గట్టిగా అదిమి పట్టుకోవద్దు. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

బైక్ మాత్రం ఇప్పుడు వద్దు. లైసెన్స్‌కి ఇచ్చే ఫారం-1లో మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు, అక్కడా అబద్ధం రాయొద్దు. బండి నడపొచ్చో లేదో మీ డాక్టర్ తేల్చేదాకా కంపెనీ బస్సో, ఆర్టీసీ బస్సో చూసుకో. మీ ఊరి దగ్గర స్టాప్ ఉందో లేదో హెచ్‌ఆర్‌ను జాయినింగ్‌కు ముందే అడుగు.