వివాదం ఊసెత్తకుండా సివిక్స్ చెప్పడం సాధ్యమా?

ప్రశ్న:
మేము టెక్సస్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి 8వ తరగతిలో అమెరికా రాజ్యాంగ రచన గురించి చదువుతున్నాడు. ఇప్పుడు శాసనసభలో నలుగుతున్న ఒక బిల్లు గురించి క్లాసులో అడిగితే, టీచర్ గారు ‘ఇంట్లో అడుగు’ అని దాటవేశారట. తల్లిదండ్రులు రెండు పార్టీలుగా చీలిపోయి ఉన్న ఊళ్లో ఆమె జంకు అర్థం చేసుకోదగినదే. అయితే బడుల్లో వివాదాస్పద అంశాల బోధనపై టెక్సస్ తెచ్చిన 2021 నాటి చట్టం ఇటువంటి చర్చలను నిజంగానే నిషేధించిందా?

సమాధానం 1:
నిషేధించలేదండీ. మీరన్న ఆ చట్టం, అంటే సెనేట్ బిల్లు 3 ప్రకారం, వివాదాస్పద వర్తమాన అంశాలను చర్చించి తీరాలని టీచర్లను బలవంతపెట్టకూడదు. వారే చర్చకు పెడితే మాత్రం రాజకీయ పక్షపాతం లేకుండా నడపాలి. ఏది పక్షపాతమో తేల్చేది ఎవరన్నదే అసలు చిక్కు. ఒక్క ఫిర్యాదు వస్తే తన పక్షాన నిలిచేవారు ఉండరని తోచినప్పుడు ఏ టీచరైనా మౌనాన్నే ఆశ్రయిస్తారు. కాబట్టి ఆమెను నిలదీయకుండా, ఫిర్యాదులను ఏ పద్ధతిలో విచారిస్తారో రాతపూర్వకంగా ప్రకటించమని స్కూల్ డిస్ట్రిక్ట్ ట్రస్టీలను (స్థానిక బడుల పాలక మండలి సభ్యులను) అడగండి. వారు మన ఓట్లతో గెలిచినవారే. ఆ ఎన్నికల్లో మనవాళ్లు ఎందరు ఓటు వేస్తున్నారన్నది వేరే సంగతి.

సమాధానం 2:
అదే చట్టం ప్రకారం, శాసనసభ్యులను ఒప్పించేందుకు ఉత్తరం రాసిన పిల్లలకు దానికి మార్కులు వేయకూడదు. మసాచుసెట్స్‌లో 2018 చట్టం 8వ తరగతిలోనూ, హైస్కూల్లోనూ విద్యార్థులే నడిపే పౌర ప్రాజెక్టు (ఏదైనా ప్రజా సమస్యపై పిల్లలు చేసే పని) ఉండాలంటుంది. నా మటుకు మసాచుసెట్స్ పద్ధతే మేలు. అలాగని, తాము ఒప్పుకోని ఉద్యమానికి పిల్లవాడు మార్కుల కోసం పనిచేయవలసి వస్తుందేమోనన్న తల్లిదండ్రుల శంకను కొట్టిపారేయలేము.

సమాధానం 3:
నేను ఇల్లినాయ్ హైస్కూల్లో సివిక్స్ చెబుతాను. ఇక్కడి కోర్సులో వివాదాస్పద అంశాల చర్చను 2015 చట్టమే తప్పనిసరి చేసింది కనుక ఫిర్యాదు వచ్చినా మాకు అండ ఉంటుంది. ఓటు వయసును 16కు తగ్గించాలా అన్న అంశాన్ని తీసుకుంటే, నలుగురేసి పిల్లలను కూర్చోబెట్టి, ఇద్దరిని అనుకూలంగా, ఇద్దరిని వ్యతిరేకంగా వాదించమంటాను. ఆ తర్వాత పక్షాలు మార్చి, ఎదుటివారి వాదనను వారు ‘అవును, మేమన్నది ఇదే’ అని ఒప్పుకునేలా చెప్పిస్తాను. అసలు కష్టం ఇక్కడే. చాలామంది ఎదుటి వాదనను వెక్కిరింపుగా చెబుతారు, మళ్లీ చెప్పించాలి. నా అభిప్రాయం చివరిదాకా బయటపెట్టను. అయితే నిష్పాక్షికత పేరుతో అన్నింటినీ ఇలా వాదనకు పెట్టకూడదు: 2020 అధ్యక్ష ఎన్నికలో ఎవరు గెలిచారన్నది తేలిపోయిన వాస్తవం, ఎన్నికల నిబంధనలు ఎలా ఉండాలన్నది చర్చనీయాంశం. మీరు ట్రస్టీలను కలిసినప్పుడు ఈ తేడాను కూడా ఆ ఫిర్యాదుల విచారణ పత్రంలో రాయించండి.