మసాలా టీ: అల్లం వేస్తే పాలు విరుగుతున్నాయి, యాలకుల వాసన కప్పులో నిలవడం లేదు

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము హైదరాబాదులో ఉంటున్నాము. గుంటూరు నుండి మా అత్తగారు, మామగారు వచ్చి మా దగ్గరే ఉంటున్నందువల్ల ఇప్పుడు పొద్దున, సాయంత్రం నలుగురికి మసాలా టీ కాచవలసి వస్తోంది. ప్యాకెట్ పాలు, నీళ్లు, టీపొడి, పంచదార, తురిమిన అల్లం, దంచిన యాలకులు అన్నీ ఒకే గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టడం మా ఇంటి అలవాటు. ఇలా చేస్తే కొన్ని రోజులు టీ చక్కగానే వస్తుంది కానీ, కొన్ని రోజులు పొంగు రాకముందే పాలు విరిగిపోతున్నాయి. రంగు రాలేదని ఇంకాసేపు మరిగిస్తే చేదెక్కుతోంది. యాలకుల సువాసన వంటిల్లంతా నిండుతుంది కానీ, తాగేటప్పుడు కప్పులో దాని జాడ ఉండడం లేదు. పైగా మామగారు పంచదారకు బదులు బెల్లం వేయమంటున్నారు. అది వేసినప్పుడు పాలు విరగడం మరీ ఎక్కువవుతోంది.

కొలతలతో పాటు, ఏది ఎందుకు అలా జరుగుతుందో కూడా తెలిసినవారు వివరిస్తే ఎంతో ఉపకారం చేసినవారవుతారు. కారణం తెలిస్తే పాలు మారినా, టీపొడి మారినా నేనే సర్దుకోగలను.

మొదటి సమాధానం

అమ్మా, మీరు చెప్పిన ఇబ్బందులన్నీ ఒకే చోట మొదలవుతున్నాయి. మసాలా టీలో ఏ దినుసు ఎప్పుడు వేయాలన్న వరుస ముఖ్యం, ఎంత వేయాలన్నది దాని తరువాతి మాట. అన్నింటినీ కలిపి ఒకేసారి పొయ్యి మీద పెడితే, ఒక్కొక్క దినుసుకు కావలసిన వేడి, సమయం వేరువేరు కాబట్టి ఏదో ఒకటి తప్పక చెడిపోతుంది.

ముందుగా అల్లం సంగతి చెబుతాను. పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైము ఉంటుంది. అది పాలలోని మాంసకృత్తులను విడగొట్టి గడ్డకట్టేటట్లు చేస్తుంది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో, వేడి పాలను అల్లం రసం మీద పోసి, అలా గడ్డకట్టిన పాలనే తీపి వంటకంగా తింటారు. ఈ ఎంజైము 60 డిగ్రీల చుట్టుపక్కల బాగా చురుకుగా ఉంటుంది, మరిగే నీటిలో దాని శక్తి నశిస్తుంది. మీరు చల్లని పాలలో పచ్చి అల్లం వేసి, ఆ రెండింటినీ కలిపి నెమ్మదిగా వేడి చేస్తున్నారు కనుక, మరిగే లోపలే పాలు ఆ 60 డిగ్రీల దశను దాటవలసి వస్తోంది, విరగడానికి కావలసినంత సమయం అక్కడే దొరుకుతోంది. కొన్ని రోజులు విరగకపోవడానికి కారణం ఆ రోజు మంట పెద్దదిగా ఉండడమో, అల్లం తక్కువ పడడమో, పాలు బాగా తాజాగా ఉండడమో అయి ఉంటుంది. అందువల్ల అల్లాన్ని ముందు నీళ్లలో వేసి, నాలుగైదు నిమిషాలు తెర్లనిచ్చి, ఆ తరువాతే పాలు పోయండి. ఆ పాలు కూడా వేరే గిన్నెలో కాచి వేడిగా ఉన్నవే పోయాలి. ప్యాకెట్ మీద తేదీ దాటకపోయినా, ఫ్రిజ్ బయట ఎక్కువసేపు ఉన్న పాలలో పులుపు మొదలై ఉంటుంది కాబట్టి, పాలను విడిగా కాచుకుంటే ఆ లోపం కూడా టీ పాడు కాకముందే బయటపడుతుంది.

చేదు సంగతి ఇది. మనం వాడే గుండ్రని సన్న పలుకుల టీపొడిని సీటీసీ అంటారు. ఆకును కోరలున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, చుట్టే ఈ పద్ధతి 1930ల తొలినాళ్లలో అస్సాంలో రూపుదిద్దుకుంది. ఇలా చేసిన పొడి నీళ్లలో పడగానే రంగును, సారాన్ని చాలా త్వరగా వదులుతుంది. నీళ్లలో వేసి మరిగిస్తే రెండు మూడు నిమిషాలు చాలు. దాన్నే పాలలో వేస్తే తెల్లదనం వల్ల రంగు తేలినట్లు కనిపించదు, రంగు కోసం ఇంకా ఇంకా మరిగిస్తాము, ఈ లోపు వగరు, చేదు దిగిపోతాయి. వగరును కొంతవరకు పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి కట్టిపడేస్తుంది కానీ, పది నిమిషాలు మరిగించిన చేదును ఏ పాలూ మాన్పలేవు. రంగు చాలకపోతే మరిగించే సమయం పెంచకుండా పొడినే అర చెంచా పెంచండి.

యాలకుల సువాసన ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. వంటిల్లు ఘుమఘుమలాడుతోందంటే కప్పులోకి రావలసినది గాలిలో కలిసిపోయిందని అర్థం. కాబట్టి యాలకులను పొయ్యి ఆపేసే ముందు వేసి, వెంటనే మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచి, ఆ తరువాత వడకట్టండి. లవంగం, దాల్చిన చెక్క, మిరియం ఇందుకు భిన్నమైనవి. వాటి సారం నెమ్మదిగా దిగుతుంది కనుక అల్లంతో పాటు మొదటే నీళ్లలో వేయాలి.

నలుగురికి మా ఇంట్లో వాడే కొలత చెబుతాను. 300 మిల్లీలీటర్ల నీళ్లలో అంగుళం అల్లం ముక్కను కచ్చాపచ్చాగా దంచి వేసి, రెండు లవంగాలు, అర అంగుళం దాల్చిన చెక్క, మూడు మిరియాలు జోడించి ఐదు నిమిషాలు సన్నని సెగ మీద మరిగిస్తాము. నాలుగు చిన్న చెంచాల టీపొడి వేసి రెండు నిమిషాలు ఉంచి, కాచిన వేడి పాలు 300 మిల్లీలీటర్లు పోసి, రుచికి తగిన పంచదార వేసి, రెండు మూడు పొంగులు రానిస్తాము. చివరగా నాలుగు యాలకులను తొక్కతో సహా దంచి వేసి దించి మూత పెడతాము. ఈ కొలతలో అల్లాన్ని తురమకుండా దంచాలన్నది నా గట్టి అభిప్రాయం. తురిమితే పీచుతో పాటు రసమంతా ఒక్కసారిగా దిగి, టీ తాగుతున్నట్లు కాక కషాయం తాగుతున్నట్లు ఉంటుంది.

బెల్లం విషయం బెల్లం పరమాన్నం వండేవారందరికీ తెలిసినదే. పొయ్యి మీద మరుగుతున్న పాలలో బెల్లం వేయకూడదు. బెల్లానికి కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది, అందులోని లవణాలు కూడా దానికి తోడవుతాయి. పాతబడిన బెల్లంలో ఈ గుణం మరింత ఎక్కువ. టీ వడకట్టి కాస్త వేడి తగ్గాక, సన్నగా తరిగిన బెల్లాన్ని మామగారి గ్లాసులోనే వేసి కలపండి. మిగిలినవారి టీకి ఏ ఇబ్బందీ ఉండదు.

రెండవ సమాధానం

పై సమాధానంలో చెప్పిన వరుసతో ఏకీభవిస్తున్నాను, అయితే దినుసుల సంఖ్య గురించి నాకు వేరే అభిప్రాయం ఉంది. లవంగం, దాల్చిన చెక్క, మిరియం, అల్లం, యాలకులు అన్నీ ఒకే టీలో చేరితే ఏ ఒక్కదాని గుణమూ నాలుకకు తెలియదు, అన్నింటికంటే బలమైన లవంగమే పైకి వస్తుంది. అల్లం, యాలకులు ఒక జత. మిరియం, దాల్చిన చెక్క ఇంకొక జత. రోజుకు ఒక జతతో కాచి చూడండి. టీ రుచి ముందుండి, మసాలా దాని వెనుక నడవాలి.

నేను పాతబస్తీలో పుట్టి పెరిగినవాడిని. మా ఊరి ఇరానీ చాయ్‌లో సంప్రదాయంగా మసాలా వేయరు, కాబట్టి మీ ప్రశ్నకు అది నేరుగా సమాధానం కాదు. అయినా, అందులోని పద్ధతి మీకు బాగా ఉపయోగపడుతుందని చెబుతున్నాను. అక్కడ డికాషన్‌ను మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు ఉంచుతారు, పాలను వేరొక పాత్రలో చిక్కబడేవరకు మరిగిస్తారు, రెండింటినీ కప్పులోనే కలుపుతారు. పాలు, డికాషన్ కలిసి పొయ్యి మీద ఉండే సమయమే లేదు కనుక విరిగే భయం ఉండదు, పైగా ఎవరికి కావలసినంత చిక్కదనం వారికి ఇవ్వవచ్చు. ఇంట్లో నలుగురికి నాలుగు రుచులు ఉన్నప్పుడు మసాలా డికాషన్ ఒక గిన్నెలో, పాలు ఒక గిన్నెలో పెట్టుకోవడం కంటే సులువైన దారి నాకు కనిపించలేదు.

పాల గురించి కూడా ఒక మాట. ప్యాకెట్ మీద రాసినది చూసి కొనండి. టోన్డ్ పాలలో 3 శాతం వెన్న ఉంటుంది, స్టాండర్డైజ్డ్ పాలలో 4.5 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉంటుంది. పాలు సగం, నీళ్లు సగం అన్న కొలత ఫుల్ క్రీమ్‌కు, గేదె పాలకు సరిపోతుంది. టోన్డ్ పాలతో అదే కొలత పెడితే టీ పలుచనై, మసాలా ఘాటు గొంతుకు పట్టుకుంటుంది. అప్పుడు నీళ్లు రెండు పాళ్లు, పాలు మూడు పాళ్లు వేసుకోవాలి.

మూడవ సమాధానం

రోజూ దంచే తీరిక లేనివారి కోసం పొడి చేసి పెట్టుకునే విధానం రాస్తున్నాను. యాలకులు 20 గ్రాములు, శొంఠి 15 గ్రాములు, మిరియాలు 8 గ్రాములు, దాల్చిన చెక్క 5 గ్రాములు, లవంగాలు 3 గ్రాములు తీసుకోవాలి. శొంఠిని ముందుగా రోట్లో నలగగొట్టి, యాలకులు తప్ప తక్కినవాటిని పెనం మీద చెయ్యి వెచ్చబడేంత మాత్రమే వేడి చేసి, చల్లారాక అన్నీ కలిపి మెత్తగా పట్టాలి. నలుగురికి అర చిన్న చెంచా చాలు. శొంఠి ఎండినదే అయినా దానిని కూడా నీళ్లలోనే ముందుగా మరిగించడం మంచిది. సీసా చిన్నదిగా ఉండాలి, నెలకు సరిపడా మాత్రమే పట్టుకోవాలి. పొడి కొట్టిన దినుసు వాసన ఎక్కువ కాలం నిలవదు.

దాల్చిన చెక్క విషయంలో జాగ్రత్త అవసరం. మన కిరాణా కొట్లలో తరచుగా దొరికే మందమైన, గట్టి బెరడు కాసియా జాతిది. కాగితంలా పలుచని పొరలు చుట్టుకొని, చేత్తో విరిస్తే సులువుగా విరిగేది శ్రీలంక రకం. కాసియాకు ఘాటు ఎక్కువ. పొడి చేసి ఎక్కువ వేస్తే టీ కొద్దిగా జిగటగా కూడా తయారవుతుంది. అందువల్ల కాసియా అయితే పైన చెప్పిన కొలతను సగానికి తగ్గించండి.

ఇంకొక విషయం. యాలకుల గింజలు పాయసానికో, లడ్డూలకో వాడినప్పుడు మిగిలిన తొక్కలను పారవేయకుండా టీపొడి డబ్బాలో వేసి ఉంచడం మన ఇళ్లలో ఎప్పటినుండో ఉన్న అలవాటు. టీపొడి చుట్టుపక్కల వాసనలను త్వరగా పీల్చుకుంటుంది కనుక ఆ డబ్బా క్రమంగా పరిమళిస్తుంది. అదే కారణం చేత టీపొడిని ఇంగువ డబ్బా పక్కన, సాంబారు పొడి పక్కన పెట్టకూడదు.

నాలుగవ సమాధానం

మేము అమెరికాలో ఉంటాము. ఇక్కడి హోల్ మిల్క్‌లో వెన్న 3.25 శాతం ఉంటుంది, హోమోజినైజ్ చేసినవి, అంటే వెన్నను సన్నని కణాలుగా విడగొట్టి పాలలో కలిపేసినవి, కాబట్టి మీగడ పైకి తేలదు. గేదె పాల చిక్కదనానికి అలవాటుపడినవారు నీళ్లు బాగా తగ్గించుకుంటే తప్ప తృప్తిపడరు. మేము పాలను విడిగా ఐదారు నిమిషాలు కలుపుతూ మరిగించి, కొంత ఇగిరిన తరువాతే డికాషన్‌లో పోస్తాము. భారతీయ దుకాణాలు దూరంగా ఉన్నవారికి ఒక సూచన: ఇక్కడి మామూలు దుకాణాల్లో టీ సంచుల్లో దొరికే పొడి సన్నదే, సంచి చించి వేస్తే మన పద్ధతికి పనికివస్తుంది. డార్జిలింగ్ వంటి సున్నితమైన ఆకు టీని మాత్రం మసాలాకు వాడకండి. పాలు, లవంగం కలిసిన చోట దాని పరిమళం తెలియదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. అల్లాన్ని నీళ్లలో ముందుగా మరిగించి, పాలు వేడిగా పోశాను, పాలు విరగలేదు. యాలకులు చివర్లో వేయడంతో వాసన కప్పులోకి వచ్చిందని అత్తగారు చెప్పారు. మామగారి బెల్లం గ్లాసులోనే కలుపుతున్నాను. ఇంకొక్క సందేహం: సాయంత్రం బంధువులు వచ్చినప్పుడు పదిమందికి ముందుగానే కాచి ఫ్లాస్కులో పోసి ఉంచవచ్చా? అప్పుడు కొలతలన్నీ రెండున్నర రెట్లు చేస్తే సరిపోతుందా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

నీళ్లు, పాలు, టీపొడి రెండున్నర రెట్లు చేయండి కానీ మసాలాను అంతగా పెంచకండి. పెద్ద గిన్నెలో కాచినప్పుడు అవన్నీ ఎక్కువసేపు మరుగుతాయి, లవంగం ముఖ్యంగా ఘాటెక్కుతుంది. పదిమందికి మూడు లవంగాలు, రెండంగుళాల అల్లం చాలు; యాలకులు మాత్రం పది వేయవచ్చు. పెద్ద గిన్నెలో నీళ్లు ఆవిరయ్యే వంతు తక్కువగా ఉంటుంది కనుక నీళ్లు ఒక చిన్న గ్లాసు తగ్గించుకోండి.

ఫ్లాస్కులో పాలు కలిపిన టీని గంటకు మించి ఉంచితే రుచి మారుతుంది, మీగడ కట్టి మూతి దగ్గర పట్టుకుంటుంది. కాబట్టి మసాలా డికాషన్‌ను పొడి లేకుండా శుభ్రంగా వడకట్టి, మరిగే నీళ్లతో తొలిచిన ఫ్లాస్కులో పోసి ఉంచండి. పొడి లోపల ఉండిపోతే మూత పెట్టినా చేదు దిగుతూనే ఉంటుంది. బంధువులు కూర్చున్నాక పాలు కాచి, డికాషన్ కలిపి, ఒక్క పొంగు రానిచ్చి, అప్పుడు యాలకులు వేసి మూత పెట్టండి. పంచదార తక్కువ తాగేవారికి విడిగా ఇవ్వడానికి వీలుగా దానిని గిన్నెలో వేయకుండా గ్లాసుల్లోనే కలపడం మంచిది.